నొప్పి వంతెన

కెంజాయపురంలో ఒక మాట వినపడడం మానేసింది.

"నీ నొప్పి నాకొచ్చినా బాగుండేదమ్మా" అనే మాట. భూమ్మీద మనవాళ్ళు దీన్ని ఎంత ధారాళంగా వాడేవాళ్ళో చెప్పక్కర్లేదు. జ్వరం వచ్చిన పిల్ల మంచం పక్కన తల్లి అనేది, కాలు విరిగిన వియ్యంకుణ్ణి చూసి వియ్యపురాలు అనేది, అరటిపళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వచ్చిన దూరపు చుట్టమైతే గుమ్మంలోనే అనేసి, ఆ తర్వాత కుర్చీ లాక్కునేవాడు. అంగారకుడి మీద ఊరు కట్టుకోవడానికి బయల్దేరినవాళ్ళు బరువు ఎక్కువవుతుందని ఆవకాయ జాడీలు కూడా వదిలేశారు గానీ ఈ మాటని మాత్రం వెంట తెచ్చుకున్నారు. దానికి బరువేముంది కనక!

తీరా ఊరి శాస్త్రవేత్త పరాంకుశం నొప్పి వంతెన కనిపెట్టాక వచ్చింది చిక్కు. ఎవరైనా ఆ మాట అంటే చాలు, డాక్టర్ రజియా "అలాగా, అయితే రండి, మీకో గింజ పెడతాను" అనేది. ఆవిడ వేళాకోళానికి అనేది కాదు. దాంతో జనం ముందు అటూ ఇటూ చూసుకుని అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి అసలు అనడమే మానేశారు.

గింజ అంటే మినపగింజంత పరికరం. శాస్త్రవేత్తలు న్యూరల్ రిలే అంటారు. పరాంకుశం నరవాహిని అని పేరు పెట్టి మురిసిపోయాడు గానీ ఊళ్ళోవాళ్ళకి అది గింజే. నొప్పి పడే మనిషి మెడ వెనక చర్మం కింద ఒకటి, పంచుకునే మనిషికి ఒకటి పెట్టి కుట్టేస్తారు. రెండూ ఒకే అచ్చు. నరాల్లోంచి మెదడుకి వెళ్ళే నొప్పి కబురులో కొంత భాగాన్ని ఒక గింజ మళ్ళించి రెండోదానికి పంపుతుంది. ఇక్కడ ఎంత తగ్గితే అక్కడ అంత పెరుగుతుంది. నొప్పిని మాయం చేయడం కాదిది, మోసే మనిషిని మార్చడం.

ఎంత భాగం తీసుకోవాలో పంచుకునే మనిషి ఇష్టం. చేతికి కట్టుకున్న పట్టీ మీద చిన్న మర ఉంటుంది, తిప్పుకోవడమే. ఆ మనిషి నిద్రపోతున్నా, మత్తులో ఉన్నా వంతెన పనిచేస్తుంది. అవతలి గట్టున ప్రాణమున్న నరం ఉంటే చాలు. అది లేకపోతే, లేదా మర కట్టేస్తే, పోయిన నొప్పి మళ్ళీ సొంతదారు దగ్గరికే వచ్చేస్తుంది.

పరాంకుశం దీన్ని తన భార్య కోసమే చేశాడు. ఆయన గురించి ఎవరేమన్నా, అది మాత్రం నిజం.

వకుళ ఊరందరి వంటశాలకి పెద్ద. అద్దాల తోటలో పండిన గోంగూర, సోయా, చిక్కుడు తప్ప ఇంకేం దొరకని చోట రోజుకో రుచి పుట్టించేది. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. అద్దాల తోట కట్టేటప్పుడు పరాంకుశం నిచ్చెన మీంచి పడి మోకాలు చితక్కొట్టుకుంటే, "బరువు మూడోవంతుకి పడిపోయే ఊరికొచ్చి కూడా కాలు విరగ్గొట్టుకున్న మొనగాడు మా ఆయన" అని అందరికీ చెప్పి నవ్వించింది. ఆ మోకాలు సరిగా అతకలేదు. మెట్టు ఎక్కినప్పుడల్లా ఆయన "అమ్మా" అనేవాడు, ఆవిడ లోపల్నుంచి "ఆయ్" అని పలికేది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం బజ్జీల్లో ఉప్పు చూసి, కాసేపటికి కుడి డొక్క పట్టుకుని పొయ్యి ముందు కూలబడింది. నొప్పి డొక్కలోంచి కుడి భుజం వెనక్కి పాకింది. చెమటలు, వాంతి. పిత్తాశయం నిండా రాళ్ళున్నాయని డాక్టర్ రజియా తెరమీద చూపించింది.

"ఇవెక్కడివి డాక్టరమ్మా? ఈ ఊరి మట్టి గానీ తిన్నానా?" అంది వకుళ.

"ఇక్కడ చాలామందికి ఉన్నాయమ్మా. ప్రయాణంలో అందరం చిక్కి సగమయ్యాం కదా! ఒళ్ళు ఒక్కసారిగా తగ్గిపోతే పిత్తాశయంలో రసం చిక్కబడి రాళ్ళు కడుతుంది. నొప్పి లేకపోతే వాటి మానాన వాటిని వదిలేయొచ్చు. నీలాగా నొప్పి వస్తే మాత్రం పిత్తాశయాన్ని తీసెయ్యాల్సిందే. అది లేకపోయినా మనిషి హాయిగా బతుకుతాడు."

"అయితే తీసెయ్యండి మరి."

డాక్టర్ రజియా కిటికీ వైపు చూసింది. బయట ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ కనపడ్డం లేదు. దుమ్ముతుఫాను కమ్ముకుని సూర్యుణ్ణి చూసి నెలలైంది. ఊరికి కరెంటు ఇచ్చేది సూర్యుడే. ఉన్న కాస్త కరెంటూ గాలికీ, నీటికీ, వెచ్చదనానికీ సరిపోవడం లేదు. ఆపరేషన్ గది ఒక్కసారి వెలిగించాలంటే ఊరంతా చలికి వణకాలి. మత్తుమందు ఆపరేషన్లకి దాచిందే తప్ప నొప్పి మాత్రలు ఎప్పుడో అయిపోయాయి. భూమ్మీద పొద్దున్న వెళ్ళి మర్నాడు ఇంటికొచ్చేసే ఆపరేషన్‌కి ఇక్కడ వరుసలో నిలబడాలి. ఆ వరుసని క్రమిణి అనే యంత్రం నిర్ణయిస్తుంది.

అంతవరకూ వకుళ నూనె మాని, కారం మాని, ఊరందరికీ వేపుళ్ళు వేపుతూ తను చారన్నం తింది. అయినా నొప్పి వచ్చేది. వచ్చినప్పుడు గోడవైపు తిరిగి పడుకుని పెదవి కొరుక్కునేది. పరాంకుశం పక్కన కూర్చుని వీపు నిమురుతూ "నీ నొప్పి నాకొచ్చినా బాగుండేది వకుళా" అని అందరిలాగే అన్నాడు. అందరిలాగా అక్కడితో ఊరుకోలేదు. ప్రయోగశాలకి వెళ్ళి తలుపేసుకుని, కొన్ని నెలల తర్వాత రెండు గింజలతో బయటికొచ్చాడు.

కుట్టేరోజున డాక్టర్ రజియా అడిగింది. "ఎంత పంచుకుంటారు సార్?"

"సగం. భార్యాభర్తలం, సగం కాక ఎంత?" అన్నాడు పరాంకుశం గర్వంగా.

ఆయనకి గింజ పెట్టడం అయ్యాక వకుళ బల్ల ఎక్కి పడుకుని, "ఏవండీ, మీరు కాస్త బయటికెళ్తారా? డాక్టరమ్మతో ఆడవాళ్ళ మాటొకటుంది" అంది. ఆయన మోకాలు పట్టుకుని, కుంటుకుంటూ వసారాలోకి వెళ్ళాడు. తిరిగి పిలిచేసరికి ఆవిడ చేతికి కూడా ఒక పట్టీ ఉంది. "మొదటిరోజులు కదా, అమ్మ ఒంటి సంగతి నాకు తెలుస్తుండాలని" అంది డాక్టర్ రజియా. సరేనన్నాడు.

రెండోరోజు మధ్యాహ్నం ప్రయోగశాలలో ఉండగా ఆయనకి ఆ నొప్పి వచ్చింది.

ముందు కుడి డొక్కలో ఎవరో పిడికిలి బిగించినట్టు. తర్వాత ఆ పిడికిలి వదల్లేదు. భుజం వెనక మేకు దిగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. చచ్చిపోతున్నాననుకున్నాడు. గోడలు పట్టుకుంటూ ఇంటికెళ్ళేసరికి వకుళ మంచమ్మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. ముఖం పాలిపోయి ఉంది గానీ చేతులు ఆడుతున్నాయి.

"ఇది... ఇది సగమేనా?" అన్నాడు గుమ్మంలో కూలబడి.

"సగవేనండి."

"ఇన్నాళ్ళూ ఇంత నొప్పి పెట్టుకునా నువ్వు ఊరందరికీ వండావు?"

"వండకపోతే మీరంతా పచ్చి చిక్కుళ్ళు నమిలేవాళ్ళు కదా" అంది వకుళ, నవ్వబోయి మానేసి.

ఆయన ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. ఆ రోజు ఆ మనిషి తన పెళ్ళాన్ని ప్రేమించినంతగా లోకంలో ఎవరూ ఎవరినీ ప్రేమించి ఉండరు.

ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. సభ చేసి శాలువా కప్పారు. ఇంకా ముఖ్యమైన సంగతి, పాలకమండలి వంతెన మీద ఒక చట్టం చేసింది. అప్పటిదాకా ఆపరేషన్ కావాల్సిన ప్రతివాడూ నొప్పి పదికి పది అనేవాడు, క్రమిణికి ఎవర్ని నమ్మాలో తెలిసేది కాదు. గింజ నొప్పిని మళ్ళించగలదే గానీ కొలవలేదు. కొలత చెప్పగలిగింది దాన్ని మోసినవాడే. కాబట్టి ఇకనుంచి రోగి మాట కాదు, పంచుకునే మనిషి సాక్ష్యం చెల్లుతుంది, రోగి దాన్ని కాదంటే అప్పుడు విచారిస్తాం అన్నారు. ఎవరు మర ఎంత తిప్పారో కూడా యంత్రానికి తెలిస్తే మంచిదని డాక్టర్ రజియా అంటే, పరాంకుశమే అడ్డుపడ్డాడు.

"మొగుడూ పెళ్ళాల మధ్య యంత్రం తొంగిచూడకూడదమ్మా. మనిషి మీద ఆమాత్రం నమ్మకం ఉండాలి" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత నొప్పి చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ ఆయన మోశాడు. మోసినకొద్దీ అలవాటవుతుందనుకున్నాడు. నొప్పి అలవాటవదు, దాని మీద భయం అలవాటవుతుంది. వకుళ గరిటె పట్టుకుంటే భయం, భోజనాలవేళ భయం. ఒకరోజు భూమి నుంచి పెద్దలు తెరమీద ఆయనతో మాట్లాడాల్సి ఉంది. మధ్యలో నొప్పి వస్తే పరువు పోతుందని, ఈ ఒక్క పూటకీ అనుకుని మర కట్టేశాడు.

మాటలు బ్రహ్మాండంగా జరిగాయి. సాయంత్రం మర తిప్పుదామనుకున్నాడు. భోంచేశాక తిప్పుదామనుకున్నాడు. మర్నాడు తిప్పుదామనుకున్నాడు. అనుకోవడం మాత్రం ఎన్నడూ మానలేదు.

రెండురోజుల తర్వాత ఆయన ఇంటికొచ్చేసరికి వకుళ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆవిడ ఇటు తిరిగి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. భుజం పట్టుకోలేదు, చెమట లేదు, జుట్టు చెదరలేదు.

"ఇందాక వచ్చిందాండీ మీకు?" అని అడిగింది.

"వచ్చింది... కాస్త" అన్నాడు పరాంకుశం.

"నాకూ కాస్తేనండి. ఈసారి తేలిగ్గా పోయింది."

ఆయన ప్రాణం కుదుటపడింది. రాళ్ళు కుదురుకున్నాయేమో, తగ్గుతోందేమో! మనకి కావాల్సిన మాట ఎవరైనా అంటే నమ్మడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

ఆ నెలల్లోనే ఇంకో మంచి జరిగింది. మోకాలి నొప్పి రోజుకి కాస్త చొప్పున తగ్గుతూ వచ్చి, ఒకనాటికి పూర్తిగా పోయింది. ఆయన మెట్లు ఎగిరెక్కి "చూశావా, ఈ ఊరి గాలి నా ఒంటికి పడింది" అన్నాడు. వకుళ "మంచిదేగా" అంది. ఆవిడ ఈమధ్య పొయ్యి దగ్గర ఎత్తుపీట వేసుకుని కూర్చుని వండుతోంది. ఇన్నేళ్ళూ నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయని చెప్పింది.

మొదటి సాక్ష్యానికి పిలుపొచ్చింది. ఆస్పత్రి హాల్లో పాలకమండలివాళ్ళు, రోగులు, వాళ్ళ మనుషులు కూర్చున్నారు.

"పరాంకుశం గారూ, పోయిన వారం మీ గట్టుకి చేరిన నొప్పి పదికి ఎంత?" అని అడిగింది క్రమిణి. ఆ యంత్రం గొంతు మర్యాదగా ఉంటుంది.

తెలియదు అనాలి. మర కట్టేశానని చెప్పాలి. కానీ మనిషి మీద నమ్మకం ఉండాలని చప్పట్లు కొట్టించుకున్నది ఇదే హాల్లో. పోనీ ఎనిమిదో తొమ్మిదో అందామా అంటే, తొమ్మిది మోస్తున్నవాడు నిన్న మా మధ్య కూర్చుని పకోడీలు తిన్నాడేమిటని ప్రయోగశాలవాళ్ళు అడగరూ?

"మూడు" అన్నాడు.

"వకుళ గారూ, ఒప్పుకుంటారా?"

డాక్టర్ రజియా ముందుకి వంగింది. "అమ్మా, ఆయన్ని చూడకు. నువ్వు చెప్పు."

"మోస్తున్నది ఆయన కదా డాక్టరమ్మా, ఆయనకి తెలీదూ?" అంది వకుళ. "ఆయన చెప్పిందే."

పుట్టింట్లో తండ్రి, అత్తింట్లో మొగుడు, డాక్టరు దగ్గరికెళ్తే నాడి తనది, జవాబు పక్కనున్న మగాడిది. ఎన్ని గ్రహాలు దాటొచ్చినా మనవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. క్రమిణి వకుళ పేరు వరుసలో కిందికి జరిపింది.

తుఫాను ఇంకా చిక్కబడింది. ఇంకొక్క ఆపరేషన్‌కి కరెంటు ఉంది, ఆ తర్వాత ఎండ వచ్చేదాకా గది మూసేస్తాం అన్నారు. ఇద్దరి పేర్లు మిగిలాయి: వకుళ, పంపుల ఇంజనీరు గవర్రాజు. ఆస్పత్రికి బయల్దేరేముందు వకుళ జుట్టు ముడేసుకుంటూ అద్దంలోంచి భర్తని చూసింది. బాగా చిక్కింది. కళ్ళు కాస్త పచ్చబడ్డాయి.

"ఏవండీ, నాతో ఏవైనా చెప్పాలా?"

చెప్పడానికి నోరు తెరిచాడు. "ఏం లేదే! ఏం?" అన్నాడు.

"ఏం లేదు లెండి. పదండి."

గవర్రాజు భార్య ఆదిలక్ష్మి హాలు మధ్యలో నిలబడి, "ఎనిమిదండీ బాబూ, నావల్ల కాదు, ఆయన ఎలా భరిస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి" అని భోరుమంది. సిగ్గులేకుండా ఏడ్చింది. నిజం చెప్పింది. పరాంకుశం నలుగురివైపూ చూసి, గొంతు సవరించుకుని, మళ్ళీ మూడే అన్నాడు. గవర్రాజుకి ఆపరేషన్ జరిగింది.

వారం తిరక్కుండా వకుళ వంటశాలలో ఎత్తుపీట మీంచి పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట చెక్కలా బిగిసింది. ఊరంతా ఎవరూ అడక్కుండానే ఇళ్ళల్లో వెచ్చదనం ఆపేసి, దుప్పట్లు కప్పుకుని, ఆ కరెంటు ఆపరేషన్ గదికి ఇచ్చారు. వాళ్ళందరికీ ఆవిడ చేతి అన్నం తిన్న రుణం ఉంది.

"పిత్తాశయం కుళ్ళి పగిలింది. ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు" అంది డాక్టర్ రజియా చేతులు కడుక్కుంటూ. "ఇంత జరుగుతుంటే ఎంత నొప్పి వచ్చుండాలి సార్! సగం మీదే కదా, మీకెలా తెలీలేదు?"

ఆయన వకుళని లోపలికి తీసుకెళ్తున్న మంచం పట్టుకుని పక్కన నడిచాడు.

"వకుళా, నేను మర కట్టేశాను. ఎప్పుడో కట్టేశాను."

"తెలుసండీ" అంది ఆవిడ కళ్ళు తెరవకుండా.

"తెలిసీ నలుగుర్లో ఎందుకు చెప్పలేదే? ఒక్క మాట అంటే సరిపోయేది కదే!"

"అంటే మీ ముఖం చిన్నబోదూ! శాలువా కప్పారాయె." కాసేపు ఊపిరి తీసుకుంది. "తిప్పుతారేమో, తిప్పుతారేమో అని చూశాను. పోన్లెండి. మోకాలు జాగ్రత్త."

"మోకాలేంటే? అది ఎప్పుడో బాగయిపోయిందిగా!"

జ్వరంలో ఏదో మాట్లాడుతోందనుకున్నాడు. తలుపులు మూసుకున్నాయి.

వసారాలో బల్లమీద కూర్చుని పరాంకుశం మర తిప్పాడు. సగం కాదు, చివరిదాకా తిప్పేశాడు. నొప్పి ఒక్కసారిగా మీద పడింది. మత్తులో ఉన్న ఆవిడ మెదడుకి తెలియని నొప్పంతా ఆయన డొక్కలోకి దిగింది. కత్తి గాటు కూడా తెలుస్తోంది. బల్ల అంచు పట్టుకుని, కండువా నోట్లో కుక్కుకుని, రానీ అనుకున్నాడు. అంతా రానీ. ఇన్నాళ్ళదీ రానీ. జీవితంలో మొదటిసారి ఆ మనిషికి నొప్పి తియ్యగా అనిపించింది. లోపల ఆవిడకి ఇందులో రవ్వంత కూడా లేదు కదా!

ఎంతసేపు గడిచిందో తెలియదు. ఉన్నట్టుండి నొప్పి ఆగిపోయింది.

డొక్కలో లేదు. భుజంలో లేదు. ఎక్కడా లేదు. ఆయన కండువా తీసి ఊపిరి పీల్చుకున్నాడు. కన్నీళ్ళు జలజలా రాలాయి. తీసేశారు! పాడు పిత్తాశయాన్ని తీసేశారు, ఇంక నొప్పి ఎక్కడినుంచి వస్తుంది? "బతికించావు తండ్రీ" అని చేతులెత్తి దణ్ణం పెట్టాడు. వకుళ లేచాక కాళ్ళు పట్టుకోవాలి. ఊరందర్నీ పిలిచి అదే హాల్లో నిజం చెప్పాలి. ఆవిడకి నూనెలో వేగిన మిరపకాయ బజ్జీ తన చేత్తో తినిపించాలి. లోపలికి వెళ్ళి చూద్దామని గబుక్కున లేచాడు.

మోకాలు కలుక్కుమంది.

"అమ్మా" అన్నాడు అలవాటుగా. అని, అలాగే నిలబడిపోయాడు.

పాత నొప్పే. నిచ్చెన మీంచి పడ్డప్పటిది. ఆ చోటే, ఆ పోటే. రోజుకి కాస్త చొప్పున పోయినది ఇప్పుడు పూర్తిగా ఒక్కసారే తిరిగొచ్చింది. ఆవిడ చేతికున్న పట్టీ గుర్తొచ్చింది. ఎత్తుపీట గుర్తొచ్చింది. అవతలి గట్టున ప్రాణమున్న నరం లేకపోతే నొప్పి సొంతదారు దగ్గరికే వచ్చేస్తుందని లోకానికి చెప్పింది తనే.

గోడకి జారి నేలమీద కూర్చుండిపోయాడు.

తలుపు తెరుచుకుని డాక్టర్ రజియా బయటికొచ్చింది. ఆయన మోకాలు పట్టుకుని కూర్చున్న తీరు చూసి, చెప్పడానికి వచ్చిన మాట చెప్పకుండా ఆగిపోయింది. అది ఆయనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఎప్పుడడిగింది నిన్ను?" అన్నాడు పరాంకుశం.

"గింజలు పెట్టినరోజే సార్. మిమ్మల్ని బయటికి పంపింది కదా, అప్పుడు. వంతెన రెండువైపులా తెరవమంది. మీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"ఏమని అడిగింది?"

డాక్టర్ రజియా ఆయన పక్కనే నేలమీద కూర్చుంది. "'మెట్టు మెట్టుకీ అమ్మా అంటారు డాక్టరమ్మా, వినలేకపోతున్నాను. నీ నొప్పి నాకొచ్చినా బాగుండేదని అందరూ అంటుంటారు. నాకు అలా అనడం చేతకాదు, నువ్వే ఏదైనా చెయ్యి' అంది సార్."